కోపానికి ఉదాహరణలు

నిఘంటువు కార్యాలయం. ఆవిష్కరణ సభకు అరగంట ఉంది. అన్న చేతిలో నిఘంటువు మూడో ముద్రణ, అట్ట మీద అతని పేరే. ఎదురుగా చెల్లెలు.

“...నన్ను మాట్లాడనీ! ఇదేంటిది?”

“పుస్తకం, అన్నయ్యా.”

“వెటకారాలొద్దు. ‘అలక’ దగ్గర ఏం రాశావో చదువు.”

“‘దగ్గరివాళ్ళ మీద వచ్చే కోపం. బతిమాలితే పోతుంది. ఉదాహరణ: అట్ట మీద తన పేరు లేదని మా చెల్లి అలిగితే, వచ్చే ముద్రణలో వేస్తానని బుజ్జగించాను.’ అర్థం సరిగ్గానే ఉందే?”

“నేనడిగేది అర్థం గురించా?”

“అరవకు. హాల్లో పెద్దవాళ్ళొచ్చి కూర్చున్నారు.”

“‘ఉక్రోషం. ఏమీ చేయలేక, ఏడుపుతో కలిసి వచ్చే కోపం. ఉదాహరణ: రెండో ముద్రణలోనూ నా పేరే చూసి మా చెల్లి ఉక్రోషంతో ప్రూఫులు చించేసింది.’ ఇంటి గుట్టు ఇలా రచ్చకీడుస్తావా?”

“చించినవి మళ్ళీ నేనే అతికించాను. అది రాయడానికి చోటు చాల్లేదు.”

“ఇదిగో, ‘కసి’ దగ్గర... ఛీ!”

“చదువు. ఆగావేం?”

“‘పద్దెనిమిదేళ్ళు పదాలన్నీ తను రాసింది, పేరు నేను పెట్టుకున్నాను. మా చెల్లి కసి అందుకే.’ ఎప్పుడు దూర్చావే ఇవన్నీ?”

“ఆఖరి ప్రూఫులో. పేజీ పేజీకీ నీ సంతకం తీసుకున్నాకే అచ్చుకి పంపాను.”

“నేను చదవలేదు!”

“ఎప్పుడు చదివావు గనక?”

“కోపం ఉంటే మొహం మీదే తిట్టొచ్చుగా!”

“కోపం ఎప్పుడో చల్లారిపోయింది. ఇది అది కాదు.”

“మరేంటి?”

“‘ప’ దగ్గర చూడు. ‘పగ’.”

“వద్దు, చూడను. పుస్తకాలు ఆపించు.”

“పొద్దున్నే పార్సిళ్ళు వెళ్ళిపోయాయి. లైబ్రరీలకి, కాలేజీలకి.”

“నా పరువు... సరే, తప్పయిపోయింది. ఇప్పుడే మైకులో చెప్పేస్తాను. ఇందులో ప్రతి అక్షరం మా చెల్లే రాసిందని.”

“వద్దు.”

“నువ్వు ఇన్నేళ్ళూ అడిగింది అదే కదే!”

“ఇప్పుడొద్దు.”

“కాళ్ళు పట్టుకోమంటావా? ఒక్క మాట చెప్పనీ, నీ పేరు—”

“నా పేరెత్తకు. నేను రాస్తే అది చాడీ, అన్నయ్యా. నువ్వు రాస్తేనే ఒప్పుకోలు.”