ఎడమ చేతి పక్కన చోటు

తల ఊపకు. ఊపితే నాకింకా మండుతుంది. ఒక్కసారి "ఊఁ" అంటే నీ సొమ్మేం పోతుంది? అనవు. నర్సమ్మ రన్‌వా గారి ఆజ్ఞ కదా! పండగలో పాట ఎత్తేదాకా గొంతు పెగలకూడదు, గుసగుస అసలే వద్దు అందట. ఈ ఇంట్లో నాలుగు రోజుల్నుంచి నోరు చేసేది నేనూ, పొయ్యి మీద కెటిలూ.

అబ్బో, ఏం భక్తి! ఇన్నేళ్లూ నేను మొత్తుకున్నాను మోర్టన్. పడవ మీద గాలికి ఎదురుగా అరిచి అరిచి ఇంటికొస్తావు, మళ్లీ హాల్లో పాటలంటూ గొంతు చించుకోకు అన్నాను. విన్నావా? పెరట్లో హ్వోన్ మొక్క వేరు తవ్వి, కాచి, తేనె కలిపి ఇస్తే ముక్కు మూసుకునేవాడివి. ఇప్పుడు ఆవిడ చెప్పిందని గ్లాసులు గ్లాసులు తాగుతున్నావే, అందులో ఏముంది? వట్టి వేడినీళ్లు! వట్టి వేడినీళ్లకి అంత మర్యాదా?

ఆగు, అక్కడే ఆగు. గుమ్మం దాటి రాకు. నీ పండగ బట్టలు కుర్చీ మీద పెట్టాను, వెండి గుండీలు నువ్వే పెట్టుకో. ఈ ఒక్క ఏడాదికి చేతకాకపోదులే. ఎందుకా? చెప్తాను. ముందు నన్ను కాసేపు కుళ్లుకోనీ.

మెడకి ఆ మఫ్లరేంటి? నేనల్లిందే! గుచ్చుకుంటుందని పెట్టె అడుగున పడేశావు కదా. ఆవిడ "మెడకి ఏదైనా చుట్టుకోండి అన్నయ్యా" అనగానే వెతికి మరీ తీశావు. ఇప్పుడు గుచ్చుకోవట్లేదా?

అన్నయ్యంట! నన్ను అక్కా అంటుంది. నాకంటే నాలుగేళ్లు చిన్నదేమో, అంతే. టోర్స్‌హావ్న్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై వచ్చిందని ఊరంతా నెత్తిన పెట్టుకుంది.

సరే, పోయినేడు జరిగింది నేనూ కాదనను. గొలుసాటంటే ఏంటి, ఊరంతా ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకోవడమే కదా. నువ్వు పాట ఎత్తుకుంటే తెల్లారేదాకా ఎవరూ వదలరు. ఒక్కడికి కడుపు పాడైతే చివరి మనిషి దాకా పాకింది. దానికి తోడు అవే చేతుల్తో ఎండు మాంసం చీల్చుకుని తినడం. వారం రోజులు పడవలు కదల్లేదు, బడి మూసేశారు. ముసలి యెన్స్‌ని హెలికాప్టర్లో తీసుకెళ్లారు. అందుకే ఈసారి కమిటీ వాళ్లు ఆరోగ్యం సంగతి నువ్వే చూడమని ఆవిడకి అప్పగించారు. బాగానే ఉంది. కానీ ఆవిడ ఏం చేసిందో చూశావా?

హాలు గుమ్మం దగ్గర బకెట్లూ సబ్బులూ పెట్టించింది. చేతులు ఎంతసేపు కడగాలయ్యా అంటే, పాటలో ఒక్క చరణం పాడినంతసేపు అంది. మన పాట! నువ్వెత్తే పాట! ముగ్గురన్నదమ్ములు సముద్రం మీదకెళ్లే పాటని తీసుకెళ్లి సబ్బునురగలో ముంచింది.

పైగా మనవాళ్లు ఒక్క చరణంతో ఆగుతారా? మొన్న రిహార్సల్‌కి మొదటివాడు మొదలెట్టాడు, పక్కవాడు అందుకున్నాడు. అన్నదమ్ములు పడవెక్కారు, తుఫానొచ్చింది, తెరచాప చిరిగింది, వీళ్లింకా చేతులు రుద్దుకుంటూనే ఉన్నారు. మిగతా ఊరంతా వానలో తడుస్తూ నిలబడింది. రన్‌వా "ఒక్క చరణమే! ఒక్క చరణమే!" అని అరుస్తుంటే ఎవరైనా వింటేగా. నువ్వైతే పగలబడి... శబ్దం లేకుండా నవ్వావు. ఆవిడా నీ వంక చూసి నవ్వింది.

ఆ నవ్వు చూశాను మోర్టన్. ఒళ్లంతా కారం రాసినట్టయింది.

నవ్వకు! నవ్వొద్దని ఆవిడ చెప్పలేదా?

ఇంకో రూలు పెట్టింది, గుర్తుందిగా. దగ్గున్నవాళ్లూ జ్వరమున్నవాళ్లూ గొలుసులోకి రాకూడదు, ఇంట్లోనే ఉండాలి. ఎంతటివాళ్లైనా సరే అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నీ ఎడమ చేతి పక్కన చోటు నాది. పెళ్లయిన ఏడాది నుంచీ నాదే. ఆ గొలుసులో ఎవరైనా ఎక్కడైనా దూరొచ్చు, అక్కడ మాత్రం ఎవరూ దూరరు. ఎందుకో వాళ్లకి తెలీదు. మొగుడూ పెళ్లాల ముచ్చట అనుకుంటారు. నీకూ నాకూ తెలుసు. తల్లి ఒడ్డున నిలబడి ముగ్గురు కొడుకుల్నీ పేరు పెట్టి పిలిచే చోట, మూడో పేరు నీకెప్పుడూ గుర్తుండదు. నేను నీ చెయ్యి నొక్కి, పెదవి కదపకుండా అందిస్తాను. ఊరంతా నీ జ్ఞాపకశక్తికి ముక్కున వేలేసుకుంటుంది.

ఇదిగో... ఉండు. ఒక్క నిమిషం.

విన్నావుగా. దగ్గే. పొద్దున్నుంచి బీరువాలో తలపెట్టి దగ్గుతున్నాను. జ్వరం కూడా ఉంది. రాకు! అక్కడే ఉండమన్నానా! ఇప్పుడు నాది నీకంటుకుంటే, నాలుగు రోజుల మౌనం ఏట్లో కలిసినట్టే. నువ్వు పాట ఎత్తకపోతే పండగేముంది?

ఎక్కడ పట్టుకుందంటావా? హాల్లోనే. మొన్న అందరూ సబ్బు దగ్గర పాడుతుంటే నేను తల ఎగరేసి లోపలికెళ్లిపోయాను. నా మొగుడి పాటతో ఈవిడ నా చేతులు కడిగించేదేంటి అనుకున్నాను. పక్కింటి సున్నివా మనవడు ముక్కు కారుతూ వస్తే ఎత్తుకుని ముద్దాడి, అదే చేత్తో కేకు తిన్నాను. ఊళ్లో చేతులు కడుక్కోనిదాన్ని నేనొక్కదాన్నే. జబ్బుపడ్డదాన్నీ నేనొక్కదాన్నే. చాలా? ఇప్పుడు నవ్వుకో.

నవ్వవేం?

నువ్వు నిద్ర లేవకముందే రన్‌వా ఈ కిటికీ అవతలికొచ్చింది. నేనే ఫోన్ చేసి రమ్మన్నాను. మూడో కొడుకు పేరు చెప్పాను. అది ఏ చోట వస్తుందో పాడి వినిపించాను. ఎంత గట్టిగా నొక్కాలో కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టి చూపించాను. అవతల తనూ చెయ్యి పెట్టింది.

"ఏ చెయ్యి అక్కా?" అనడిగింది.

"ఎడమ చెయ్యి" అని మొహం తిప్పుకుని ముక్కు తుడుచుకున్నాను. జలుబు అనుకుంది పాపం. వేడినీళ్లు తాగమంది.

తాగాను.

వెళ్లు, ఆలస్యమవుతోంది. పై గుండీ వదిలేశావు, పెట్టుకో. గాలి ఇటు తిరిగితే నాకు పాట వినిపిస్తుంది, ఆ మూడో పేరు దగ్గర తడబడకు. ఆవిడ బాగానే నొక్కుతుందిలే, తెలివైంది.

ఇంటికొచ్చాక మాత్రం బయటే చేతులు కడుక్కుని లోపలికి రా. ఒక్క చరణం నాకు చాలదు మోర్టన్. పాట మొత్తం పాడు.