సినిమా కోసం కాల్చిన గడ్డివామి

"నా గడ్డివామికి నిప్పు పెట్టించింది నువ్వేనయ్యా!"

పరాయి సైన్యాన్ని ఎదిరించిన ఊరి కథను బెల్లంకొండ పక్కన సినిమాగా తీస్తున్నారు. ఆ సినిమా మేనేజరు జీపుకు సుబ్బరత్నం అడ్డంగా నిలబడింది.

"సైన్యం ఊరు తగలబెట్టే సీనమ్మా. మావాళ్ళు సెట్టింగు వామి అనుకున్నారు."

"సైన్యమెక్కడుంది? తగలబెట్టింది మీరు! వానలు పడేదాకా నా రెండు గేదెలు ఏం తినాలి, నీ కెమెరానా?"

"పొరపాటైంది. జరుగమ్మా, షూటింగుకు టైమైపోతోంది."

"ఇయ్యాలేంది తీసేది?"

"ఊరి ఆడవాళ్ళు సైన్యం జీపులను ఆపే సీను."

సుబ్బరత్నం కొంగు బిగించి చక్రాల ముందే చతికిలబడింది.

"అదేదో ఇక్కడే తీసుకో. రెండు ట్రాక్టర్ల వరిగడ్డి నా దొడ్లో దించిందాకా లేవను. ఫోన్ చెయ్, ఇప్పుడే!"