ఖరగ్‌పూర్‌లో నోరు మూసుకున్నందుకు

"శ్యాంబాబు గారోయ్! వడ్డన మొదలెట్టమంటారా, పొయ్యి ఆర్పెయ్యమంటారా అండీ!"

విన్నావా అక్కా? వంట గంగయ్య. వీధి చివర షామియానాలో నించుని అరుస్తుంటే, నాలుగిళ్ళవతల నీ గుమ్మంలో నా చెవులు గింగిరాలెత్తుతున్నాయి. తలుపవతల నీకు వినపడలేదంటే నేను నమ్మను.

"ఐదు నిమిషాలయ్యా గంగయ్యా! వచ్చేస్తున్నాం!"

చూశావా, వచ్చేస్తున్నాం అనేశాను. ఇంక నువ్వు తలుపు తీయకపోతే అది కూడా నా అబద్ధాల్లో చేరిపోతుంది.

అయినా ఇదేం పద్ధతక్కా? డెబ్బై ఏళ్ళు నిండిందెవరికి? నీకు. కృతజ్ఞతా కూడిక ఎవరిది? నీది. పాటలయ్యాయి, పాస్టరయ్యగారు వాక్యం చెప్పడమయ్యింది, నీ మెళ్ళో దండేశాం. ఇహ భోజనాల ప్రార్థన ఒక్కటే తరువాయి. అప్పుడు నువ్వు లేచి, దండ తీసి కుర్చీకి తగిలించి, చెప్పులేసుకుని చక్కా ఇంటికొచ్చి గడియ పెట్టుకుంటావా? పీటల మీంచి పెళ్ళికూతురు లేచిపోయినట్టు!

ముప్పై ఐదేళ్ళు బళ్ళో చెప్పినదానివి. నీ క్లాసులో పిల్లెవరైనా ఇలా చేస్తే ఊరుకునేదానివా?

సరే, సరే. నవ్వుతావేమోనని అన్నాను.

నీ కోపం ఎందుకో నాకు తెలీదనుకోకు. ఆశాజ్యోతి అన్న మాటకేగా? మన చెల్లెలు కదా, నర్సు కదా, నెమ్మదిగా మాట్లాడుతుందా అంటే అదీ లేదు. మా ఆవిడ హెలెన్ భుజం మీద చెయ్యేసి, "వదినా, ఈసారి నాకు రొయ్యల పచ్చడి రెండు సీసాలు కట్టివ్వాలి. లూధియానాలో మా వార్డు వార్డంతా నీ చేతినే పొగుడుతున్నారు!" అని కేకేసింది.

నువ్వు హెలెన్ వంక చూశావు. హెలెన్ తన ముందున్న ఖాళీ పళ్ళెం వంక చూసింది. నేను షామియానా గుంజ వంక చూశాను.

పచ్చడి నీది. నాకు తెలీదా? మూడు సీసాలకీ మూతలు బిగించి, గుడ్డ చుట్టి, కవరు చుట్టి, నా సంచీలో బట్టల మధ్య పెట్టింది నువ్వేగా. "ఒరే శ్యామూ, నూనె కారితే నీ చొక్కాలు పోతాయి గానీ నా పచ్చడికేం కాదు" అన్నావు కూడా.

ఏం జరిగిందో చెప్తాను. మొత్తం చెప్తాను. తలుపు తీస్తే లోపలికొచ్చి చెప్తాను... వద్దా? సరే, ఇక్కడే అరుగు మీద కూర్చుంటాను. మోకాళ్ళు నొప్పెడుతున్నాయనుకో, అదేం పర్వాలేదు.

అసలు నువ్వే అన్నావు, "ఫోన్లో పిలవరా, ఈ వయసులో దేశం పట్టుకు తిరగడం దేనికీ" అని. తోడబుట్టినవాళ్ళని ఫోన్లో పిలిస్తే అదేం పిలుపక్కా? గడప తొక్కాలి, కార్డు చేతిలో పెట్టాలి, వాళ్ళిచ్చిన మంచినీళ్ళు తాగి "రావాలి సుమా" అనాలి. అందుకని దారం కొట్టు పదిహేను రోజులు మూసేసి బయల్దేరాను. ఖరగ్‌పూర్‌లో ఉదయభాస్కర్, లూధియానాలో ఆశాజ్యోతి, సూరత్‌లో కిరణ్ కుమార్. మన నాన్న కడుపున పుట్టిన ఐదుగురిలో నువ్వూ నేనూ తప్పితే ఎవరూ గోదావరి కనపడేంత దూరంలో ఉండరేం?

ఏం ప్రయాణమక్కా! నిడదవోల్లో బండి మారానా, ఎదురు సీట్లో ఒక బెంగాలీ ఆయన. ఆయనకి తెలుగు రాదు, నాకు బెంగాలీ రాదు. అయినా బరంపురం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం! మరమరాల్లో ఆవనూనె కలిపి పెట్టాడు. ముక్కులోంచి పొగలొచ్చాయనుకో. ఇంక లూధియానాలో లస్సీ గ్లాసు చూడాలి నువ్వు, మన నూతి చేదంత...

ఆ, వస్తున్నా, వస్తున్నా. అసలు విషయానికే వస్తున్నా.

ఖరగ్‌పూర్‌లో దిగాను. ఉదయ్ గాడు స్టేషన్‌కొచ్చాడు. ఇంటికెళ్ళి స్నానం చేసి భోజనానికి కూర్చున్నాం. నీ సీసా మూత తీశాను. వాడి భార్య ఒక ముద్ద కలుపుకుంది. కళ్ళు మూసుకుంది. తెరిచి, "బావగారూ, మా హెలెనక్క చేతిలో ఇంత పనితనముందా!" అంది.

నా నోట్లో ముద్ద ఉందక్కా. ఆ ముద్ద మింగి "కాదమ్మా, ఇది అక్కది" అందామనుకుంటున్నాను. నిజం. నేను నోరు మూసుకుని ఉన్నది జీవితం మొత్తం మీద ఆ అరనిమిషమే. ఈలోపు ఆ అమ్మాయి ఫోను తీసి హెలెన్‌కి వీడియో కాల్ చేసేసింది. "అక్కా, నీ పచ్చడి అమృతం!" అంటూ సీసా ఫోనుకి చూపించింది.

నేను హెలెన్ మొహం చూశాను.

నీకు తెలుసుగా, ముప్పై రెండేళ్ళ క్రితం మనింటికొచ్చింది మీ మరదలు. ఏ ఫంక్షనైనా ఒకటే మాట. "హెలెన్‌ని ఉల్లిపాయలు తరగమనండి చాలు, పొయ్యి దగ్గరికి రానివ్వకండి." నేనూ అన్నాను. నువ్వూ అన్నావు. నవ్వుతూనే అన్నాంలే. అదీ నవ్వేది. కానీ ఆ రోజు ఫోన్లో నవ్వింది చూడు, అది వేరే నవ్వక్కా. అలాంటిది ఒకటి దానిదగ్గర ఉందని ఇన్నేళ్ళూ నాకే తెలీదు.

ఇంక నేనేం చెయ్యను? ముద్ద మింగేశాను.

ఏంటీ?

హెలెన్‌కి తెలుసా అనా? తెలీదు. దాని తప్పేం లేదు. అది అసలు...

తెలుసు. సరే, తెలుసు. ఆ సాయంత్రం నాకు విడిగా ఫోన్ చేసి, "అది వదినగారిది కదండీ, చెప్పలేదా?" అనడిగింది. "చెప్తాలే" అన్నాను. తర్వాత "పోనీ తిరిగొచ్చాక చెబుదురుగాని" అంది. అంతే. అంతమాత్రానికే దాన్ని దొంగని చెయ్యకక్కా. చేసిందంతా నేనే.

ఎందుకంటే లూధియానాలో ఎవరు చేశారని నన్నెవరూ అడగలేదు. నేనే మొదలెట్టాను. ఆశాజ్యోతి సీసా చూసి "ఏంటన్నయ్యా ఇది" అనగానే, "మీ వదిన పెట్టింది" అన్నాను. అక్కడితో ఆపొచ్చుగా? ఆపలేదు. నా నోటి సంగతి నీకు తెలుసు. తెల్లారకుండా రేవుకెళ్ళి రొయ్యలేరుకోవడం, మొదటి వాయి బూజు పట్టడం, రెండో వాయి ఉప్పు కషాయమవ్వడం, మూడోది పిల్లి తన్నేస్తే వంటింట్లో కూలబడి ఏడవడం, రొయ్యలమ్మే ఆవిడ్ని కూర్చోబెట్టుకుని నీళ్ళు ఎంతసేపు ఇగరబెట్టాలో మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవడం... అన్నీ చెప్పాను.

అన్నీ నువ్వు పడినవే. పేరొక్కటే మార్చాను.

చెల్లాయి కళ్ళు తుడుచుకుంది. నేనెంత బాగా చెప్పానో అని నాకే ముచ్చటేసింది. సిగ్గులేని మనిషిని.

అక్కా? వింటున్నావా?

గాజుల చప్పుడైంది. తలుపు దగ్గరే ఉన్నావన్నమాట.

ఏంటీ... కొంచెం గట్టిగా చెప్పు. ఆ. ఆ, అర్థమైంది.

"అక్క ఏం పంపించింది అని ఒక్కళ్ళూ అడగలేదా" అనేగా?

ఇది నువ్వడగకుండా ఉంటే బాగుండేదక్కా. మిగతావన్నీ ఎలాగో చెప్పేశాను. ఇప్పుడు కూడా చూడు, నా నోటి చివర జవాబు సిద్ధంగా ఉంది. "అడిగారక్కా, ప్రార్థనలు పంపిందని చెప్పాను" అనెయ్యొచ్చు. నువ్వు నమ్మేదానివి కూడా.

అడిగారు. సూరత్‌లో కిరణ్ అడిగాడు. చిన్నోడు కదా, వాణ్ణి స్కూలుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నువ్వేగా. "మరి అక్కేం పంపలేదా అన్నయ్యా?" అన్నాడు. వాడి నోట్లో ఉంది నీ పచ్చడే.

అప్పుడు నేను... "అక్కకి ఇలాంటివి ఎక్కడొచ్చురా? దాని చారు మర్చిపోయావా?" అన్నాను.

అందరూ నవ్వారు. నేనే ముందు నవ్వాను.

నాన్న పోయినప్పుడు నీకు పంతొమ్మిదేళ్ళు. బడికెళ్ళి, వచ్చి, ట్యూషన్లు చెప్పి, ఆ మధ్యలో నలుగురికి చారు కాచావు. అందుకే అది నీళ్ళలా ఉండేది. ఆ నీళ్ళు తాగే మేం నలుగురం నాలుగు ఊళ్ళలో మనుషులమయ్యాం. నీకు ఒక కూర తీరిగ్గా వండుకునే పొద్దు కిందటేడు ట్యూషన్లు మానేశాక గానీ దొరకలేదు. అలా డెబ్బయ్యో ఏట నేర్చుకున్న ఒకే ఒక్కటి తమ్ముళ్ళకీ చెల్లెలికీ రుచి చూపించమని నా చేతిలో పెట్టావు. నేను మోసుకెళ్ళి ఈ పని చేసుకొచ్చాను.

క్షమించమని అడగడానిక్కూడా నోరు రావట్లేదు. నాకు! నోరు రాకపోవడం!

వస్తే రా. రాకపోతే అది నీ ఇష్టం. కానీ నేను మాత్రం వెళ్ళి అందరి ముందూ చెప్పేస్తాను. నువ్వు నమ్మకపోతే...

అమ్మయ్య. గడియ తీశావు.

కళ్ళు ఎర్రగా... లేదు, ఏం లేదు, నేనేం అనలేదు. ఆ సీసా దేనికక్కా? అది ఆఖరి సీసా కదూ, నీకోసం ఉంచుకున్నది? సరే. ఇటివ్వు, నేను పట్టుకుంటాను. ఇవ్వవా? అవున్లే, నా చేతికి మళ్ళీ ఎలా ఇస్తావు! మెట్టు చూసుకో.

అదిగో, అందరూ ఇటే చూస్తున్నారు. అయ్యగారు లేచి నించున్నారు కూడా.

"ఏం లేదండీ, కూర్చోండి, కూర్చోండి! అక్క కళ్ళజోడు మర్చిపోయిందని ఇంటికి..."

అలా చూడకక్కా. అలవాటుగా వచ్చేసింది.

"కాదండీ. కళ్ళజోడు కాదు. నేనొక మాట చెప్పాలి. ఉదయ్, ఆశా, కిరణ్, మీ ముగ్గురికీ. అదేంటంటే, నేను మీ ఊళ్ళొచ్చినప్పుడు..."

అదేంటి, హెలెన్ లేస్తోంది? నువ్వు కూర్చో హెలెన్, నేను చెప్తున్నాగా.

అక్కా, నీ చేతిలో సీసా తీసుకుందేంటి? అందరికీ ఎత్తి చూపిస్తోంది. చెప్పేసింది. "పచ్చడి సంపూర్ణమ్మ వదినగారిది. మీరు తిన్న మూడు సీసాలూ, ఇదీ. నేను ఉల్లిపాయలు కూడా తరగలేదు" అనేసింది. ఒక్క మాట తడబడలేదక్కా. నాకు రైళ్ళెక్కి దిగినా చేతకానిది, అది నించుని నాలుగు ముక్కల్లో చెప్పేసింది.

కిరణ్ గాడు నా వైపు చూస్తున్నాడు. చూడరా, చూడు. నువ్వు నవ్విన నవ్వుకి కూడా నేనే బాధ్యుణ్ణి.

అక్కా, ఎక్కడికి? నీ కుర్చీ ఇటు... ఓహో. హెలెన్ పక్కనా? కూర్చో. కూర్చోబెట్టుకో. అది ఏడుస్తోంది, చెయ్యి పట్టుకో.

"అయ్యగారూ, ప్రార్థన కొంచెం క్లుప్తంగా కానివ్వండి. గంగయ్య ఇప్పటికే మూడుసార్లు పొయ్యి ఆర్పాడు."

ఆమెన్.

"కానియ్యవయ్యా గంగయ్యా! మాంసం అటు, గోంగూర ఇటు!"

అందరూ కూర్చున్నారక్కా. ఎన్నేళ్ళయిందో ఐదుగురం ఒకే బల్ల దగ్గర కూర్చుని. ఏంటి, వడ్డన నువ్వే చేస్తావా? ఈ రోజు కూడానా? సరే, పచ్చడి ఒక్కటీ నీ చేత్తోనే వెయ్యి. ముందు హెలెన్‌కా? వెయ్యి, అంతేనా, ఇంకొంచెం వెయ్యి. తర్వాత ఉదయ్‌కి, వాడి భార్యకి. ఆశాకి. కిరణ్‌కి రెండు చెంచాలు. అయ్యగారికి కూడా.

తింటున్నారు. అలా వంచిన తల ఎత్తకుండా తింటున్నారు చూడు.

నా దగ్గరికొచ్చేసరికి మూత పెట్టేశావేం?

సరే. పప్పుచారు చాల్లే నాకు.