నీ పేరు అడిగిన రోజు

నర్సింహులును ఎందుకు ఆపలేదని అట్ల చూస్తున్నవా? పటంలకెల్లి సుత గదే చూపు.

నీ తమ్ముడు నా మాట వింటడా, చెప్పు. ఇయ్యాల నీ పదకొండో దినం. వాకిట్ల షామియానా, బోరబండ గల్లీ అంతా కూసోనే ఉన్నది. సినిమాకు పైసలు పెట్టిన వంశీధర్ సారు కారు దిగి దండ పట్టుకొని వచ్చిండు. నర్సింహులు గుమ్మం ఎక్కనియ్యలే. "మా అన్నతోటి సినిమా తీయించుకొని, పేరేమో వేరేది వేసుకున్నవ్. ఈ దండ ఎవనికి?" అని గుంజి మోరీల పడేసిండు. పక్కింటి సీతాబాయి చీపురు చూపెట్టింది.

సారు ఒక అడుగు ఎనక్కి ఏసిండు. నా దిక్కు చూసి, "ఏంటమ్మా, నువ్వైనా చెప్పు" అన్నడు.

నేను నేల చూసిన. నాకు వచ్చింది గదొక్కటే కదా.

నువ్వు అట్ల కాదు. అమీర్‌పేటల కంప్యూటర్ కోర్సులకు బోర్డులు రాసుకుంట, స్టూడియోలల్ల సెట్లకు రంగులేసుకుంట పద్నాలుగేండ్లు తిరిగినవ్. ఆ కోర్సులు ఏందో నీకు తెల్వకపోయె, అక్షరాలు మాత్రం ముత్యాలే. నిచ్చెన మీద ఉండంగనే కథ పుట్టిందన్నవ్. అందరు కంప్యూటర్లు నేర్చి ఆకాశానికి ఎల్లిపోతరు, నేల మీద ఒక్క రంగులేసేటోడు మిగులుతడు. నేను నవ్విన. "మరి వానికి బువ్వ ఎవరు పెడతరు?" అన్న. ఆ మాట సుత సినిమాల పెట్టినవ్.

సనత్‌నగర్ షెడ్డుల రేకులతోటి రాకెట్ చేయించినవ్. తెల్ల రెక్సిన్ తెచ్చి నా మిషిన్ మీద ఇరవై అంగీలు కుట్టిచ్చినవ్. కోర్సుల పిల్లలు అవి తొడుక్కొని చెమటలు కార్చుకుంట, "ఆకాశంల గింత ఉక్కపోతనా అక్కా" అంటుంటే నీకు నవ్వు ఆగకపోయె.

సారుతోటి నీకు ఒక్క పేరు కాడనే పేచీ. "మీ పేరు పోస్టర్ మీద వేస్తే రాకెట్ సినిమా అనుకోరండీ, ఎడ్లబండి సినిమా అనుకుంటారు. అనుదీప్ అని వేద్దాం" అన్నడు. "రాకెట్‌కు నా పేరు బరువైతే నన్ను దింపి పోనీయుండ్రి" అన్నవ్ నువ్వు. ఇంటికొచ్చి నాతోటి మెల్లగ అన్నవ్, గుర్తుందా? "బస్తీల అందరి పేర్లు రాసిన. ఒక్కపారి నాది తెర మీద చూసుకోవాలె."

డబ్బింగ్ కాడ నీకు పక్షవాతం కొట్టింది. నోరు పడిపాయె, కుడిచెయ్యి పడిపాయె. పంజగుట్టల దవాఖాన్ల పడుకోబెట్టినం.

ఇగ ఇది నీకు తెల్వదు. విను.

మూడోనాడు నన్ను సారు ఆఫీసుకు పిలిపిచ్చిండ్రు. దవాఖానకు రెండు గల్లీల అవతలనే. ఎనమండుగురు మొగోళ్లు. మీ సినిమా సంఘం పెద్ద హనుమత్‌ప్రసాద్ గారు కుర్చీ చూపిచ్చిండు, నేను కూసోలే. "చూడమ్మా, రేపు పేర్లు తెర మీదికి ఎక్కాలి. ఆయన మాట్లాడే స్థితిలో లేడు. అసలు పేరా, అనుదీపా? నువ్వు ఏ పేరు చెప్తే ఆ పేరే" అన్నడు. "సరే, ఆవిడ మాటే నా మాట" అన్నడు వంశీధర్ సారు.

ఒప్పుకున్నడయ్యా ఆయన.

నేనేమో పెండ్లైన కాడికెల్లి నీ పేరు నోట అనలే. రేషన్ కార్డుకు సుత సీతాబాయే చెప్పె. మొగని పేరు నోట అంటే ఆయుష్షు తగ్గుతదని మా అవ్వ మంగవ్వ నా చిన్నప్పుడే భయం పెట్టింది. నువ్వు రెండు గల్లీల అవతల ముక్కుల గొట్టం పెట్టుకొని ఉన్నవ్. బల్కంపేట ఎల్లమ్మకు అప్పుడే మొక్కి వచ్చిన. ఎట్ల అనాలె?

"చెప్పలేకపోతే రాయమ్మా" అని పెన్ను చేతిల పెట్టిండ్రు. నాలుగో తరగతి దాక చదివిన, రాయొస్తది. రాస్తే మాత్రం అన్నట్టు కాదా? పెన్ను పట్టుకొని నిలబడ్డ.

"అనుదీప్ అని వేస్తే ఏమన్నా అభ్యంతరమా?" అన్నడు మేనేజర్. నేను తల ఎత్తలే.

"వద్దనలేదుగా. రాసెయ్" అన్నరెవరో.

మెట్లు దిగుకుంట ఏమనుకున్ననో తెలుసా? నిన్ను బతికిచ్చుకున్న అనుకున్న.

నువ్వు సుత బతికినవ్. ఇంటికొచ్చినవ్. పలక తెప్పిచ్చుకొని ఎడమచేతితోటి అక్షరాలు దిద్దుతుంటివి. అన్నిటికంటే ముందు నీ పేరే దిద్దినవ్. అది చూసి సుత నేను చెప్పలే.

సినిమా వచ్చిననాడు నర్సింహులు, నేను నిన్ను ఆటోల అమీర్‌పేటకు తీస్కపోయినం. అందరి పేర్లు పడ్డయి. ఆఖరుకు, దర్శకత్వం అనుదీప్. నువ్వు నా దిక్కు తిరిగి వంకర నోటితోటి, ఇది ఆయన పనేనా అన్నట్టు, "వంశీ?" అన్నవ్.

ఔనని తల ఊపిన. ఎనమండుగురిల కదలని తల, నీ ముంగట ఎంత అల్కగ ఊగిందో.

నువ్వు కండ్లు మూసుకున్నవ్. రాకెట్ పైకి లేస్తుంటే పోరగాండ్లు ఈలలు కొడుతుండ్రు, నువ్వు కండ్లు తెరవలే. మర్నాడు పలక ముట్టలే. గోడ దిక్కు తిరిగినోనివి మళ్ల ఇటు తిరగలే. నాలుగు నెలలు.

నర్సింహులుకు చెప్తనా అంటవా? ఏమో. సారు ఇంటికి పోయి కాళ్లు మొక్కుతనా? నా సంగతి నీకు తెల్వదా. వాకిలి దాక పోయి మళ్లొస్త.

నీకైతే చెప్త. పటానికి ఆయుష్షు ఏంది తగ్గేటందుకు.

బుచ్చయ్య.

బుచ్చయ్య.

గింత చిన్న పేరు.