నీలం చుక్క

హలో… ఆ, నేనే. పాటల టీచర్నే… చెప్పండమ్మా.

గంటమ్మ వాళ్లమ్మగారా! అయ్యో, గొంతు పోల్చుకోలేదు. ఆ మోత ఏంటి, బస్సులో ఉన్నారా?

ఓహో, డిపోలోనా. ఇంకో ట్రిప్పుకి ఎంత టైముంది?… ఇరవై నిమిషాలా. చాలు, చెప్పండి. శనివారం కదా, నాకూ క్లాసుల్లేవు. మ్యూజిక్ రూములో కాగితాలు సర్దుకుంటున్నా.

థాంక్సా? నాకెందుకండీ… పాడింది, పోటీ గెలిచింది పిల్లలు.

చూశాను. పేపర్లో ఫొటో చూశాను. ముందు వరసలో, ఎడమ నుంచి మూడోది… అవును, నోరు బాగా తెరిచింది. కొండనాలుక కనబడేంత… మీ బస్సులో అంటించారా? ఎక్కడ?… డ్రైవరు అద్దం పక్కన. ఎక్కినవాళ్లందరికీ చూపిస్తున్నారా…

లేదు లేదు, వింటున్నా. చెప్పండి.

రికార్డింగు అందిందా? మంచిది… నాలుగు సార్లు విన్నారా.

దాని గొంతు ఎక్కడొస్తుందీ అంటే… అమ్మా, అది బృందగానం. నలభై రెండు మంది పిల్లలు. అందరి గొంతూ ఒకటైపోవాలి. ఏ ఒక్కరిదీ విడిగా వినబడకూడదు… అవును, వినబడితేనే తప్పు. కూరలో ఉప్పులాగా అనుకోండి. కనబడదు.

…నిజమే. వెయ్యకపోతే నాలుకకి తెలుస్తుంది. నిజమే మీరన్నది.

మైకు కూడా కుడివైపు పెట్టారమ్మా. మీ అమ్మాయి ఎడమవైపు. దూరమైపోయి… ఏంటీ? అరవై మంది మాట్లాడుకుంటున్నా వెనక సీట్లో టికెట్టు తీసుకోనివాడి దగ్గు పోల్చుకుంటారా!… నమ్ముతాను. కండక్టరు చెవి కదా, మీరు పోల్చుకుంటారు.

ఏమన్నారు?

ఇంట్లో కూడా పాడటం మానేసిందా… ఎప్పట్నుంచి?… నెల రోజులు. గిన్నెలు కడుగుతూ పాడేదా? మరి ఇప్పుడు?… ఒట్టి పెదవులు కదుపుతోందా. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నారా… అడిగితే ఏమంది?

…"టీచరు నాకు నీలం చుక్క ఇచ్చారు" అందా.



ఒక్క నిమిషం— బాబాయ్, కుర్చీలు తర్వాత సర్దుదురుగాని. కాసేపు బయటికి… లేదు, వద్దులెండి. ఉండండి. మీరూ వినాల్సిందే.

మా స్కూలు అటెండరు, అమ్మా. ఈ చుక్కలెందుకని పదకొండేళ్లుగా అడుగుతున్నారు. నేను ఏదో ఒకటి చెప్పి దాటేస్తున్నాను.

అది బహుమతి కాదు. చుక్క బహుమతి కాదమ్మా.

చెబుతాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్లీ చెప్పలేనేమో… ఇక్కడ చెక్కమెట్లు ఉన్నాయి. మూడు వరసలు. పాడేటప్పుడు పిల్లలు వాటిమీద నిలబడతారు. ఒక్కొక్కరికీ ఒక తెల్ల గీత. ఆరు చోట్ల గీత పక్కన నీలం చుక్క ఉంటుంది. ఆ చుక్క మీద నిలబడ్డవాళ్లు పాడకూడదు. అందరితోపాటు గాలి పీల్చాలి, నోరు తెరవాలి, పెదవులు కదపాలి. గొంతు రాకూడదు.

అవును. మీ అమ్మాయి చుక్క మీద నిలబడింది.

అవును. అందుకే నాలుగు సార్లు విన్నా వినబడలేదు. నలభై సార్లు విన్నా వినబడదు.

మైకు నడిమధ్యనే ఉంది. ఇందాక అబద్ధం చెప్పాను.

ఎందుకంటే… పోటీకి ఒక రూలుంది. పిల్లల్ని ఏరకూడదు. తరగతిలో ఎంతమంది ఉంటే అంతమందీ నిలబడాలి, ఎవర్నీ ఇంటిదగ్గర ఉంచకూడదు. మంచి రూలే. పోటీ పేరు కూడా "అందరి పాట". జడ్జీలు వచ్చి తలలు లెక్కపెట్టుకున్నారు. నలభై రెండూ సరిపోయాయి. గొంతులు ఎవరూ లెక్కపెట్టలేదు. నాకు మాత్రం తెలుసు. ముప్పై ఆరు.

తిట్టండి… తిట్టరేం?

మిగతా అయిదుగురా? ఒకడికి నత్తి. ఒకడికి గొంతు మారుతోంది, ఎప్పుడు ఎటు పోతుందో వాడికే తెలీదు. అక్కాచెల్లెళ్లిద్దరికి శ్రుతి ఒక పట్టాన అందదు. ఇంకొకమ్మాయి చెవికి మిషను పెట్టుకుంటుంది, అందరికంటే అరక్షణం వెనకొస్తుంది… కాదు, వాళ్లను ఆపడానికి ఇవి కారణాలు కావు. నాకు వీలుగా ఉండే కారణాలు.

మీ అమ్మాయికా?… అవేవీ లేవు. అదే చెప్పబోతున్నా.

మీరు ఈ ఊరొచ్చిన కొత్త. రెండో చరణం దాన్ని ఒక్కదాన్నే పాడమన్నాను. పాడింది. మాట మీ వైపు తీరులో పలికింది. వెనక వరస నవ్వింది. ఒకడు దానిలాగే పలికి చూపించాడు. మళ్లీ పాడమన్నాను, మళ్లీ నవ్వారు. పోటీకి పద్దెనిమిది రోజులుంది. నవ్వినవాళ్లు తొమ్మిది మంది. వాళ్లను ఆపాల్సింది. పాడేదాన్ని ఆపాను.

తొమ్మిది మందిని ఆపడం కంటే ఒక్కర్ని ఆపడం సులువని… లేదు, ఇంకో కారణం లేదు. ఉంటే ఈపాటికి చెప్పేసేదాన్ని.

దానితో ఏం చెప్పానా? "నువ్వు గట్టిదానివి. పాటను లోపలే మొయ్యగలవు. అది అందరికీ చేతకాదు" అన్నాను… పచ్చి అబద్ధమే. నమ్మింది. మొహం విప్పారింది. ఆ మొహం చూసి నాకు తేలికైంది… అవును, తేలికైంది. సిగ్గు ఇప్పుడొస్తోంది.

పదకొండేళ్లు. ఏటా ఆరుగురు… లేదమ్మా, ఒక్క తల్లీ ఫోన్ చెయ్యలేదు. మీరే మొదలు. మొదట్లో సుద్దముక్కతో పెట్టేదాన్ని. ప్రతి ఏడూ పెట్టే బాధ ఎందుకని పెయింటు తెప్పించాను.



ఏడుస్తున్నారా?… లేదా. సరే.

సోమవారం పొద్దున్నే హెడ్మాస్టరుగారికి చెబుతాను. షీల్డు వెనక్కి పంపించేద్దామని— వద్దా? ఎందుకూ?

…అవును. షీల్డు వెనక్కిస్తే నా మీద బరువు దిగుతుంది. దానికి ఒరిగేదేమీ లేదు… కాదు, మీరు సరిగ్గానే అన్నారు. ఇంతసేపూ నేను నా గోలే చూసుకున్నాను. హెడ్మాస్టరుగారికి ఎలాగూ చెప్పక తప్పదు. షీల్డు సంగతి ఆయన చూసుకుంటారు.

దానికా? చెబుతాను. సోమవారం పక్కకి పిలిచి… ఇప్పుడా? ఫోన్లోనా?

పక్కనే ఉందా! ఇంతసేపూ— స్పీకరు పెట్టలేదు కదా?… అమ్మయ్య.

అమ్మయ్య అనకూడదు నేను. సరే. ఇవ్వండి.

గంటమ్మా… నేనురా. ఏం చేస్తున్నావు?… పాత టికెట్లతో పడవ చేశావా. ఎన్ని మడతలు?… అంత చిన్న కాగితానికి ఏడు మడతలా!

ఊఁ. అమ్మ చెప్పింది… లేదు, కోపం లేదు. ఎవరికీ చెప్పొద్దన్నాను, అవును. చెప్పేశావు, మంచి పని చేశావు. చెప్పొద్దనడమే తప్పు.

చూడు, ఆ చుక్క ఉంది కదా… అది తీసేస్తున్నాను.

ఏడవకు. ఎందుకేడుస్తావు?… సరిగ్గా చెయ్యలేదని కాదు. చాలా సరిగ్గా చేశావు. ఒక్క అక్షరం కూడా బయటికి రానివ్వలేదు. చెయ్యమన్నది నేను. ఆ చెయ్యమనడం తప్పు. నీది కాదు, నాది.

గట్టిదానివి కాదా అంటే… గట్టిదానివే. కానీ చుక్క అందుకివ్వలేదు. వాళ్లు నవ్వారని ఇచ్చాను.

గుర్తుందా నీకు?… తొమ్మిది మందీ గుర్తున్నారా. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో కూడా… ఊఁ… ఊఁ.

ఏంటీ?

నేనా? లేదురా, నేను నవ్వ…

పెదవి బిగబట్టానా. నువ్వు చూశావా.

…అవును. నవ్వు ఆపుకున్నాను. అంటే నవ్వినట్టే. పదిమంది. నువ్వు చెప్పిందే లెక్క.

గంటమ్మా, ఒక్క లైను పాడతావా నాకు? ఇప్పుడే, ఇక్కడే. "వాన వచ్చే దారిలో వాకిలి తెరవండి"… నీకు వచ్చినట్టే. మీ ఇంట్లో పలికినట్టే. వింటున్నా.

…

…పాడావా?

అయిపోయిందా. నాకేమీ వినబడలేదమ్మా. వెనక బస్సు రివర్సు తీస్తున్న మోత వినబడింది… పెదవులతో పాడావు కదూ.

ఫోన్లో పెదవులు వినబడవు తల్లీ.

సరే. వద్దు. బలవంతం లేదు… నిజంగా లేదు. ఆ పడవ జాగ్రత్త, నలిగిపోతుంది. అమ్మకివ్వు.

ఆఁ, అమ్మా… పాడలేదు. ఇప్పుడే కాదు, ఇక ఎప్పటికీ నా ముందు పాడకపోవచ్చు. దాని ఇష్టం.

శుక్రవారం టౌన్ హాల్లో మళ్లీ పాడాలి కదా. ఆ రోజు చుక్కలుండవు. మిగతా అయిదుగురి ఇళ్లకీ ఈ మధ్యాహ్నమే ఫోన్ చేస్తాను. ఒక్కొక్కరికీ, మీకు చెప్పినట్టే… భయంగానే ఉంది. మీకు చెప్పేటప్పుడు మాత్రం లేదా ఏంటి?

నవ్వితే?… నవ్వినవాళ్లను ఆపుతాను… గట్టిగానే చెప్పానే!… ఆపుతాను! ఆఁ. ఇంత గట్టిగా అంటే మా బాబాయ్ ఉలిక్కిపడ్డారు ఇక్కడ.

అంత బాగా రాకపోవచ్చు ఆ రోజు. నత్తివాడు మాట పూర్తిచేసేదాకా ఆగాలి. వినబడని అమ్మాయికి చేత్తో తాళం చూపించాలి. ఆగుతాం. పాట ఒక నిమిషం పొడుగవుతుంది, అంతే కదా… అవును, మీ బస్సు రోజూ అంతకంటే ఎక్కువే ఆలస్యం.

విజిల్ వినబడింది. టైమైందా?… గంటమ్మ కూడా మీతోపాటే వస్తుందా ట్రిప్పుకి. మంచిది.

అమ్మా, ఒక్క మాట. నన్ను…

సరే. అడగను.

ఉంటానమ్మా.

…

హలో?

కట్ అవ్వలేదు. హలో, అమ్మా, మీ ఫోను ఇంకా… సంచిలో పడేసుకున్నట్టున్నారు.

బాబాయ్, ఆ కుర్చీ లాగకండి… ఏం లేదు. ఇలా రండి, వినండి. బస్సు కదిలింది. ఆవిడ స్టాపులు చెబుతోంది. "నీళ్ల ట్యాంకు"… ఆ గొంతు చూడండి, కంచు మోగినట్టు.

"నువ్వు చెప్పవే" అంటోంది. కూతురితోనే… లేదు. ఏమీ లేదు. "ఆస్పత్రి"… తల్లే చెప్పింది. "చెప్పవే, వెనకాలవాళ్లకి వినబడొద్దూ" అంటోంది.

…

విన్నారా?

"కూరల మార్కెట్టు." తల్లి కాదు, బాబాయ్. మగపిల్లాడూ కాదు. గంటమ్మ.

ఆగండి, ఇంకోటి వస్తుంది… "పోస్టాఫీసు." సాగదీస్తోంది. సాగదీసి చివర్లో కిందికి దింపుతోంది. ఎవరు నేర్పారు దానికి… నేను కాదు. నేనేం నేర్పాను, నోరు మూసుకోవడం తప్ప.

బస్సులో నవ్వుతున్నారు. వినబడుతోందా? నవ్వుతున్నారు… ఆగలేదు. మళ్లీ చెప్పింది.

ఆ పియానో మూత తియ్యండి, చప్పుడు కాకుండా. ఉండండి… ఇది కాదు. ఇదీ కాదు. కింద… ఇంకా కింద… ఇదిగో. ఇక్కడ. ఇంత కిందుంది దాని గొంతు.

నేను పాటకి శ్రుతి ఎక్కడ పట్టానో తెలుసా? ఇక్కడ. అయిదు స్వరాలు పైన. పదకొండేళ్లుగా అన్ని పాటలూ ఇక్కడే… ఎందుకంటే నా గొంతుకి ఇది హాయిగా ఉంటుంది కాబట్టి. ఆ అక్కాచెల్లెళ్లకి శ్రుతి అందదని మీ ముందే ఎన్నిసార్లు అన్నానో. ఒక్కసారైనా కిందికి దింపి చూడలేదు.

లేదు, నేను పెట్టెయ్యను. వాళ్లే కట్ చెయ్యనీ.

ఉష్… మలుపు తిరిగింది. వచ్చేది మన బడి స్టాపు.

తల్లి చెప్పమంటోంది…

…

…

కట్ అవ్వలేదు, బాబాయ్. ఇంజను మోత వస్తూనే ఉంది. బ్రేకు వేశారు. తలుపు తీశారు. ఎవరో దిగారు.

బడి పేరు చెప్పలేదు. తల్లే చెప్పింది.

పెదవులు కదిపి ఉంటుంది.

కిటికీలోంచా? కనబడుతోందా బస్సు?… చెయ్యి ఊపకండి. వద్దు. నేనిక్కడ వింటున్నానని తెలిస్తే…

వెళ్లిపోయిందా.

…

"రైలు గేటు"… చెప్పింది! బడి దాటాక చెప్పింది, బాబాయ్. గేటు దాకా సాగదీసి—

హలో?

హలో…

కట్ అయింది.

ఏం లేదు. కళ్లజోడు మసకేసింది.

బాబాయ్, తలుపులకి రంగేసినప్పుడు మిగిలిన గరుకు కాగితం ఉండాలి మీ దగ్గర… తీసుకురండి. వద్దు, ఆ చుక్కలు మీరు గీకకండి. మీరు ఆ అయిదుగురి ఫోన్ నంబర్లు రాసిపెట్టండి. రిజిస్టరు బల్లమీద ఉంది. నత్తివాడి ఇల్లు మొదట.

ఇటివ్వండి. ఎడమ నుంచి మూడోది… ఇదే కదూ.