టోరాల్ఫ్ సబ్‌మెరైన్‌ని దాచిన చోటు

గాలి సముద్రం మీదికి పోనివ్వని రోజుల్లో మా ఉత్తర నార్వే రేవులో చేసే పనులు రెండే. గాలాలకి ఎర గుచ్చడం, టోరాల్ఫ్ కోతలు వినడం. రెండూ ఒక్క షెడ్డులోనే జరుగుతాయి.

టోరాల్ఫ్ నోరు తెరిస్తే అబద్ధమే. ఒక్క విషయంలో మాత్రం ఆ నోటికి తాళం. తలుపంతేసి హాలిబట్ చేపలు ప్రతి చలికాలం అతని పడవలోంచే దిగుతాయి, ఎక్కడ పడతాడో మాత్రం చెప్పడు. వాళ్ళ నాన్న పోయేముందు చెవిలో చెప్పిన చోటట. కట్టుకున్న పెళ్ళానిక్కూడా చెప్పలేదు. పక్క పడవ హాల్వార్డ్ ఆ చోటు కోసం ఏళ్ళ తరబడి వెంటపడుతున్నాడు, కానీ వెనకాల పడవ కనిపిస్తే చాలు, టోరాల్ఫ్ గాలం వెయ్యకుండానే ఇంటికొచ్చేస్తాడు.

ఆ రోజు రేడియోలో, పరాయి దేశపు సబ్‌మెరైన్ ఒకటి మన తీరంలో కనబడిందని వార్త వచ్చింది. టోరాల్ఫ్ చేతిలో కత్తి పక్కన పెట్టాడు.

“కనబడిందా? అదీ ఒక వార్తేనా! నేను ఒకదాన్ని గాలంతో పట్టాను, రేడియోలో చెప్పుకున్నానా? నవ్వకండి మరి. ఒక ఏడు మార్చిలో నేనొక్కణ్ణే తాడు లాగుతున్నా, సగం దాకా బాగానే వచ్చింది, అక్కడ బిగిసిపోయింది. అడుగున రాయేదో పట్టుకుందనుకున్నా, ఎవడైనా అంతేగా అనుకునేది? కానీ రాయి ఎక్కడైనా నడుస్తుందా? ఇది నడిచింది! పడవని వెనక్కి ఈడ్చుకుపోతోంది, నా కాఫీ కెటిల్ ఒక వైపు, నేనొక వైపు…”

“తాడు కోసెయ్యకపోయావా?” అన్నాడు హాల్వార్డ్.

“కొత్త తాడురా! మా ఆవిడ ఇంట్లోకి రానిస్తుందా? రెండు చేతులా పట్టుకుని లాగాను, లాగితే ఏమొచ్చిందో తెలుసా? ముందు ఒక గొట్టం, ఆ వెనక ఈ షెడ్డుని పదింతలు చేస్తే ఎంతో అంత నల్లటి ఇనుము. మూత తెరుచుకుని కెప్టెన్ బయటికొచ్చాడు, పాపం, కళ్ళనిండా నీళ్ళు. ‘అయ్యా, సముద్రం అడుగు మ్యాపు మీద మా వంటవాడు సూప్ ఒలకబోశాడు, శత్రువుల సబ్‌మెరైన్ తరుముకొస్తోంది, కొండేదో గుంటేదో తెలీట్లేదు, నువ్వే దిక్కు’ అన్నాడు.”

“ఏ దేశంవాడు?” అంది రగ్నా. ఎర గుచ్చడంలో ఆవిడని మించినవాళ్ళు మా రేవులో లేరు. మాట్లాడేటప్పుడు కూడా తలెత్తదు.

“ఏడుపుకి దేశమేంటి రగ్నా! సరే, లోపలికి దిగాను. చూస్తే కిటికీ కూడా లేదు! గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోతున్నారు పిచ్చోళ్ళు. ‘ఆ పెరిస్కోపు పైకెత్తండిరా, మీరు నాకు ఒడ్డు చూపించండి, నేను మీకు అడుగు చూపిస్తా’ అన్నాను. అంతే, ఎడమకి పోనీ, కుడికి పోనీ, ఆ కొండని గీసుకోకుండా పోనీ అంటూ తీసుకుపోతుంటే, వెనకనుంచి టార్పెడో వదిలారు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేరుగా పట్టుకెళ్ళి గుంటలో దాచేశాను. ఆ గుంటనిండా హాలిబట్లు. ఇంటికప్పు మీద పెంకులు పేర్చినట్టు సబ్‌మెరైన్ మీద ఒకదాని పక్కనొకటి పడుకున్నాయి. నీళ్ళలో చప్పుళ్ళు వినే శత్రువుల యంత్రానికి ఇంకేం వినబడుతుంది, చేపల గురక తప్ప! ఈలోగా టార్పెడో రానే వచ్చింది. ఒక ముసలి చేప నోరు తెరిచి దాన్ని గుటుక్కున మింగి, బ్రేవ్‌మని తేన్చింది. ఆ తేన్పుకి అవతలి సబ్‌మెరైన్ పల్టీలు కొట్టుకుంటూ వాళ్ళ దేశంలో వాళ్ళ రేవులో పడింది.”

“మరి ఆ చేపేమైంది?” అన్నాను నేను.

“ఏమవుతుంది, పట్టి ఎండబెట్టాం. మా ఆవిడ పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. ఆ తర్వాత రెండు దేశాలవాళ్ళూ మా ఇంటికే వచ్చారు, ఒకళ్ళు ముందు గుమ్మంలో, ఒకళ్ళు పెరటి గుమ్మంలో. వంటింటి బల్ల మీద బంగాళదుంప తొక్కలు పరిచి సముద్రం అడుగంతా చూపించాను. ఇవాళ్టికీ లోకంలో ఏ సబ్‌మెరైన్ తిరిగినా నా తొక్కల ప్రకారమే తిరుగుతుంది!”

రగ్నా ఇంకో గాలానికి ఎర గుచ్చింది. “అంతా నమ్మాను గానీ, ఆ గుంట మాట మాత్రం కోత. మన దగ్గర గుంటెక్కడుంది? హాల్వార్డ్ పడవలో లోతు కొలిచే కొత్త యంత్రం అడుగంతా బల్లపరుపని చూపిస్తోందిగా?”

హాల్వార్డ్ ఒక్క క్షణం ఆవిడవైపు చూశాడు. “అవునవును. గుంటా లేదు, గింటా లేదు.”

టోరాల్ఫ్ ముఖం ఎర్రబడింది. సబ్‌మెరైన్ లేదంటే నవ్వి ఊరుకునేవాడే. వీళ్ళు లేదన్నది వాళ్ళ నాన్న చెవిలో చెప్పిన గుంటని.

“బల్లపరుపా? నీ డబ్బా యంత్రం మొహం! ఆ పెరిస్కోపులో ఈ కళ్ళతో చూశాను. నీళ్ళ మీంచి చూస్తే చర్చి గోపురం పోయి మేకబండ చీలికలో ఇరుక్కోవాలి, ఇటు లైట్‌హౌస్ ఉప్పు గోదాం కప్పు మీద నిలబడాలి. ఆ రెండు గురుతులూ కుదిరిన చోట తాడు వదిలి చూడు, అడుగు అందుతుందేమో! మా నాన్న…”

అక్కడ ఆగిపోయాడు. అప్పటికే హాల్వార్డ్ పెదాలు కదులుతున్నాయి, గోపురం, చీలిక, లైట్‌హౌస్, గోదాం అనుకుంటూ.

“ఒరేయ్, అదంతా అబద్ధంరా!” అన్నాడు టోరాల్ఫ్. “సబ్‌మెరైన్ లేదు, కెప్టెన్ లేడు, గుంటా లేదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఒక్క నిజమైనా చెప్పానా? మీరే చెప్పండి!”

రగ్నా అప్పుడు తలెత్తింది.

“కోతైతే నువ్వు మధ్యలో ఆపేవాడివే కాదు టోరాల్ఫ్,” అంది.

“గాలి తగ్గినట్టుంది,” అంటూ హాల్వార్డ్ గాలాల తొట్టి ఎత్తుకున్నాడు. బయట గాలికి తలుపు కొట్టుకుంటూనే ఉంది. ఇంకొకడు లేచాడు. ఆ వెనక నేనూ లేచాను.

“వెళ్ళకండ్రా!” వెనకనుంచి అరిచాడు టోరాల్ఫ్. “అక్కడ సబ్‌మెరైన్లుంటాయి!”