ఐదు మిల్లీలీటర్ల బ్రోమోబెంజీన్

ఇంత నీటుగ ఎవరు తుడవమన్నరు మట్టయ్య కాకా? ఏడాదంత దుమ్ముల పడున్న బ్రోమోబెంజీన్ సీసా, ఇయ్యాల్నే ముందు వరుసల, లేబుల్ కనబడేటట్టు నిలబెట్టినవ్. సూర్యాపేట నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం ప్రిన్సిపాల్ రూముల చాయ్ తాగుతున్నరు. పావుగంటల ఈ ల్యాబుల ఉంటరు.

ల్యాబ్ అటెండర్‌గ నీ పని నువ్వు చేసినవ్, కాదంటలే. జర లెక్క విను. ఫైనలియర్ల ముప్పై రెండు మందిమి. తలా ఐదు మిల్లీలీటర్లు. నూట అరవై పోవాలె. ఐదువందల సీసాల మూడువందల నలభై మిగలాలె కదా? సూడు, మెడ దాక ఉంది.

ఎవ్వరం ప్రయోగం చేయలే కాకా. సీనియర్ల రికార్డు దించినం. తెల్వనట్టు సూస్తవేంది, ఆ పాత రికార్డు తెచ్చిచ్చింది నువ్వే కదా.

అందరం ఒక్కటే అంకె రాస్తే దొరికిపోతం. అందుకే రావాల్సిన సరుకుల ఎంతొచ్చిందన్న శాతాలు నేనే పంచిన. దీపకు అరవై ఎనిమిది. నరేష్‌కు అరవై ఒకటి. ధర్మేందర్‌ది ఎక్కువేస్తే ఎవ్వరూ నమ్మరని నలభై తొమ్మిది. నాకు డెబ్బై నాలుగు. పంచేటోడు తక్కువ తీసుకుంటడా?

అన్నీ కుదిరినయ్. సీసా ఒక్కటే మర్చిపోయిన.

సింకుల పొయ్యాలెనా? వద్దు కాకా. ఆ వాసనకు మేడం చాయ్ ఇడిసిపెట్టి ఉరికొస్తరు.

మరి సీలు ఎవరు తీసిండ్రంటవా?

నేనే. నిన్న నువ్వు అన్నానికి పోయినప్పుడు. డెబ్బై నాలుగు నిజంగ వస్తదా సూద్దామనిపించింది. ఐదు మిల్లీలీటర్లు కొలిచి తీసిన. యాసిడ్లు కలిపిన, సల్లార్చిన, వచ్చిన ముద్దను వేడి ఆల్కహాల్‌ల కరిగించిన. ఆల్కహాల్ ఎక్కువైంది, సగం సరుకు అండ్లనే ఉండిపోయింది. తొమ్మిదిన్నర గ్రాములు రావాలె. రెండుంబావు గ్రాములు గూడ రాలే.

ఇరవై మూడు శాతం. నేను ధర్మేందర్‌కు ఇచ్చిన దాంట్ల సగం గూడ లేదు.

నవ్వు, నవ్వు. అదిగో, మేడం చెప్పుల సప్పుడు.

పొద్దున రికార్డుల డెబ్బై నాలుగు కొట్టేసి ఇరవై మూడు రాసిన కాకా. ఎందుకంటే ఏం చెప్పాలె? నాకొచ్చిన స్ఫటికాలు ఈ గాజు గొట్టంల ఉన్నయ్, వెలుతురుకు పెట్టి సూడు. సన్నగ, లేత పసుపుగ, ఎట్ల మెరుస్తున్నయో. వీటి మీద డెబ్బై నాలుగని రాయ చేతులు రాలే.

సీసా వెనక్కి జరుపు, మిగిలిన ముప్పై ఒక్క మంది కోసం. నా కోసమైతే ముందలనే ఉంచు. ఐదు మిల్లీలీటర్లు తగ్గినట్టు కనబడతది.